గిటారుకు సొగసు – తీసివేయగలిగినంత వరకే



క్రిస్మస్ దగ్గర పడితే మన పల్లె మందిరాలలో రంగు కాగితాలు, నక్షత్రాలు, తోరణాలు అటక మీద నుండి దిగుతాయి. వాటితోపాటు ఒక తగవు కూడా దిగుతుంది. యువకులు మందిరపు గిటారుకు స్టిక్కర్లు అంటించాలంటారు, రంగు వేయాలంటారు. పెద్దలేమో, “దేవుని మందిరములోని వస్తువుకు సోకులెందుకురా?” అని కసురుతారు. ఇద్దరూ ఆ పూట ముఖము ముడుచుకొని కూర్చుంటారు. ఈ నెల ఆ సంగతే మాట్లాడుకుందాము.

ముందుగా పెద్దలకు ఒక మాట. అలంకారము పాపము కాదు. నిర్గమకాండములో ప్రత్యక్ష గుడారపు పనికి బెసలేలును పేరు పెట్టి పిలిచినవాడు దేవుడే. బంగారు పని, రత్నాలు చెక్కే పని, రంగు నూలు నేత, అన్నీ ఆ గుడారములో ఉన్నవి. కనుక చేతిపనిని, రంగును తప్పు పట్టవద్దు.

ఇప్పుడు యువకులకు ఒక మాట. దావీదు సితారా వాయించినప్పుడు సౌలు మనస్సుకు నెమ్మది కలిగిందని చదువుతాము. ఆ సితారాకు ఏ రంగు ఉన్నదో గ్రంథము చెప్పలేదు. సౌలుకు కావలసింది దాని నాదము. సొగసు ఎంతైనా చేయండి గాని నాదమును చెడగొట్టే సొగసు మనకు వద్దు.

ఇంకొక సంగతి. మన మందిరపు గిటారు ఎవరి డబ్బుతో వచ్చింది? స్త్రీలు వంటకు ముందు తీసి ఉంచిన పిడికెడు బియ్యముతో, వేరుసెనగ కాయలు వొలిచిన కూలితో వచ్చింది. ఈ రోజు వాయించే పిల్లవాడు రేపు పని వెదుక్కుంటూ బెంగళూరు బస్సు ఎక్కుతాడు. మన ప్రాంతములో అది కొత్త కాదు. అప్పుడు గిటారు అతని తమ్ముడి వయసు వాని చేతికి వస్తుంది. ఆ తమ్ముడికి కూడా అది నిండుగా అందాలి. ఇంగ్లండులో బీటిల్స్ బృందానికి చెందిన జార్జ్ హారిసన్ 1967లో తన గిటారుకు తానే మెరిసే రంగులు పూశాడు, తలభాగానికి భార్య గోళ్ళ రంగు కూడా వేశాడు. ఆ గిటారు అతని సొంతము. పైగా అది గట్టి చెక్కతో చేసిన ఎలక్ట్రిక్ గిటారు, రంగు వలన దాని ధ్వనికి పెద్దగా లోటు రాదు. మనది సంఘపు సొత్తు, బోలు గిటారు.

కనుక ఇరుపక్షాలకూ సరిపడే ఒక నియమము చెప్తాను. ఈ రోజు పెట్టినది రేపు తీసివేస్తే గిటారు నిన్నటిలాగే ఉండాలి. అట్లుంటే పెట్టండి, లేకపోతే మానండి.

ఎక్కడ పెట్టవచ్చును?

తీగ కదలిక బ్రిడ్జి ద్వారా ముందున్న పలుచని పలకకు చేరుతుంది. ఆ పలక కంపిస్తేనే గిటారు పలుకుతుంది. అది మూడు మిల్లీమీటర్లకు అటూ ఇటూ మందము మాత్రమే. ఇనుప తీగలు బిగించినప్పుడు 70 కిలోల పైచిలుకు లాగుడును అదే ఓర్చుకుంటుంది. దాని మీద బరువు పెంచితే గొంతు పట్టుకున్నట్లే.

స్పెయిన్ దేశములో ఆంటోనియో దె టోరెస్ అనే గిటారు పనివాడు 1862లో దీనిని చేసి చూపించాడు. ముందు పలకను మాత్రము మంచి చెక్కతో చేసి, వీపును, పక్కలను కాగితపు గుజ్జు అట్టతో చేశాడు. నాదానికి ముఖ్యము ముందు పలకేనని చూపడానికే ఆ పని. ఆ గిటారు బార్సిలోనా నగరపు సంగీత మ్యూజియములో ఉన్నది. మన బత్తలపల్లె ఆసుపత్రిని నడిపే ఆర్.డి.టి. సంస్థను స్థాపించిన విన్సెంట్ ఫెర్రర్ గారు పుట్టిన ఊరే ఆ బార్సిలోనా. కాబట్టి ముందు పలకను వదిలిపెట్టండి. వీపు, పక్కలు, తల, భుజపు పట్టీ – ఇవి మీ ఇష్టము.

ఏమి పెట్టవచ్చును?

మొదటిది భుజపు పట్టీ. మనకు ధర్మవరము పక్కనే ఉన్నది. మగ్గముల ఇంట మిగిలిన పట్టు అంచు ముక్క అడిగితే దొరుకుతుంది. దానికి లోపలివైపు మందమైన నూలు గుడ్డ తప్పక కుట్టండి. జరీ వార్నీషును గీరుతుంది, పట్టు భుజము మీద జారుతుంది. పట్టీ తగిలించడానికి గిటారుకు ఒక్క గుండీయే ఉంటే, రెండవదాని కోసము రంధ్రము వేయవద్దు. మెడ చివర, శ్రుతి చేసే కీలకు కిందుగా, తీగల అడుగున గట్టి దారము పోనిచ్చి కట్టండి.

రెండవది తోలుబొమ్మల పని. ధర్మవరము దగ్గరి నిమ్మలకుంటలో మేకతోలును పలుచగా చేసి, చిల్లులు పొడిచి, రంగులు వేస్తారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. అటువంటి చిన్న తోలుపువ్వు ఒకటి పట్టీకి కుట్టినా, తలకు దారముతో వేలాడదీసినా, ఏ ప్లాస్టిక్ స్టిక్కరుకూ రాని అందము వస్తుంది. అది తీగలకు తగలకుండా చూడండి, తగిలితే జివ్వుమని మోగుతుంది.

మూడవది రిబ్బను, జిలుగు కాగితము. తలకు కట్టండి, పండుగ కాగానే విప్పండి. ఇనుప తీగతో మాత్రము చుట్టవద్దు.

నాలుగవది స్టిక్కరు. వీపు మీదనే, ఒక్క పండుగ కాలానికే. 2022లో మన జిల్లా పేరు మారింది గాని ఎండ మారలేదు. రేకుల కప్పు కింద వేసవిలో జిగురు కారి దుమ్ము పట్టుకుంటుంది. నెలల తరబడి ఉంచితే చుట్టూ ఉన్న చెక్క వెలుతురుకు ముదురుతుంది, స్టిక్కరు కింది భాగము లేతగా మిగులుతుంది. అప్పుడు స్టిక్కరు పోయినా దాని నీడ పోదు.

గోళ్ళ రంగు, ఎనామిల్ రంగు, ఫెవిక్విక్, చెమ్కీ పొడి, మేకుతో చెక్కడము – ఇవి ఏవీ వద్దు. ఇవి వచ్చేవే గాని పోయేవి కావు.

దాత పేరు సంగతి

మన మందిరాలలో ఫ్యాను రెక్కల మీద కూడా దాత పేరు రాయిస్తాము. ఫ్యాను తిరిగితే చదవలేము, ఆగితే గాలి రాదు! గిటారు ఇచ్చిన కుటుంబము పేరు రాయమని అడగడములో తప్పేమీ లేదు, ప్రేమతో ఇచ్చారు. అయితే గిటారు చేసేవారు సయితము తమ పేరు చీటీని నడిమి రంధ్రములోనుండి చూస్తేనే కనబడేటట్లు లోపల అంటిస్తారు. మీరు గిటారు సంచికి ఒక గుడ్డముక్క కుట్టి, దాని మీద రంగు దారముతో దాత పేరు కుట్టండి. సంఘపు పుస్తకములో కూడా రాయండి. అక్కడ పేరు చెరిగిపోదు, ఇక్కడ వార్నీషు చెడిపోదు.

తీసే పద్ధతి

స్టిక్కరును గుంజి పీకవద్దు. మధ్యాహ్నపు వెచ్చదనములో, నీడపట్టున కూర్చొని, ఒక మూలను గోటితో లేపి, వెనుకకు మడిచి మెల్లగా లాగండి. మిగిలిన జిగురు మీద గుడ్డతో రెండు చుక్కల కొబ్బరినూనె రాసి, కాసేపు ఆగి తుడవండి, తరువాత పొడిగుడ్డతో తుడవండి. వార్నీషు లేని చెక్కకు, వేళ్ళు నొక్కే పలకకు నూనె తగలనివ్వవద్దు, చెక్క పీల్చుకుంటుంది. పెట్రోలు, థిన్నరు, గోళ్ళ రంగు తుడిచే మందు దగ్గరికే రానివ్వకండి. అలంకారము కోసము కీల బొత్తాములవంటివి మార్చితే, పాతవాటిని చిన్న కవరులో పెట్టి సంచిలోనే ఉంచండి.

పెద్దలారా, ఈ సంవత్సరము పిల్లలను కసరకుండా ఆ పట్టు అంచు ముక్క మీరే తెచ్చి ఇవ్వండి. యువకులారా, క్రొత్త సంవత్సరపు ఆరాధన అయిన మరుసటి దినము ఒక గంట కూర్చొని, కట్టినదంతా విప్పి, గిటారును తుడిచి, తరువాత వాయించబోయే పిల్లవాని చేతికి ఒకసారి ఇవ్వండి. వాడు మొదటి తీగ మీటినప్పుడు అది నిండుగా పలికితే మీ అలంకారము మంచిదే.