వంటింట్లో తెలుగు బడి

క్రిస్మస్ కోడి కోసం కొత్తిమీర తెమ్మంటే మా అబ్బాయి దిక్కులు చూశాడు. ‘నాన్నాన్‌బిన్’ అన్నాక పరుగున వెళ్ళి తెచ్చాడు. తప్పు వాడిది కాదు. యాంగోన్ బజారులో వాడు వినేది ఆ మాటే. తెలుగు మాట మనం ఇంట్లో పలికితేనే గదా వచ్చేది!

కోడిని ముక్కలు చెయ్యకుండా ఓవెన్‌లో కాల్చేటప్పుడు పొట్టలో బ్రెడ్డు, సువాసన ఆకులు కూరడం ఇంగ్లీషువారి పద్ధతి. వారు సేజ్, థైమ్ ఆకులు వేస్తారు. మనకు కొత్తిమీర, పుదీనా, కరివేపాకు చాలు. నిన్నటి బ్రెడ్డు తుంచి, వెన్నలో వేయించిన ఉల్లిపాయలు, తరిగిన ఆకులు, ఉప్పు, మిరియాలు, కాస్త కోడి రసం కలపాలి. మాంసం తిననివారు కోడి రసం వెయ్యకుండా దీన్నే వంకాయల్లో కూరి కాల్చుకోవచ్చు.

ఈ పని పిల్లల చేత తెలుగులో చెప్పి చేయించాలని నా అభిప్రాయం. తుంచడం, తరగడం, దంచడం, కూరడం - చేత్తో చేస్తూ నేర్చిన మాట మరచిపోరు. వారానికి ఒక్క గంట బడి ఎంతకని సరిపోతుంది?

ఒక జాగ్రత్త. కోడిని ఓవెన్‌లో పెట్టే ముందే, వదులుగా కూరాలి. కుక్కితే లోపల ఉడకదు. కూరినది కూడా 74 డిగ్రీల సెల్సియస్ వేడెక్కాలి. పిల్లలకు మాటలూ అంతే, కుక్కకండి. రోజుకు రెండు చాలు.

కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుతోనే ఈ దేశంలో తెలుగువారిని కొరంగీలన్నారు. ఆ పేరు మిగిలి మన మాట పోతే ఏం లాభం?