యూకీని పిచ్చిది అనేవాళ్లకి

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, 2015లో వచ్చిన 'గక్కో గురాషి' పన్నెండు ఎపిసోడ్లే. ముద్దుముద్దు బొమ్మలు మనకెందుకని మధ్యలో ఆపేసినోళ్లు మొదటి ఎపిసోడ్ చివరిదాకా చూడండి. క్లాసులో అద్దాలు పగిలి ఉంటాయి. యూకీ మాట్లాడతా ఉండేది ఖాళీ బెంచీలతో. బయటంతా జాంబీలు.

ఆ పిల్లకి పిచ్చి అని కొందరు నవ్వుతా ఉన్నారు. నేనొప్పుకోను. కురుమి పార పట్టుకుని కాపలా కాస్తాది, మేడమీద కూరగాయలు పండిస్తారు, సరే. కానీ మిగతా ముగ్గురినీ పొద్దున్నే లేపేది యూకీ నవ్వే. సెలవులకి ఊరికి పోలేక హాస్టల్లో మిగిలిపోయిన పిల్లకాయలకి ఈ మాట విడమరిచి చెప్పక్కర్లేదు.

2021లో 'జాంబీ రెడ్డి' మన సీమలోనే జాంబీలను దింపింది, బాగానే నవ్వించింది. బడిలో ఒంటరితనం మాత్రం ఈ జపాన్ కథకే దొరికింది. తారోమారు కుక్క సంగతి చెప్పను, చూసినోళ్లకి తెలుసు.