గుర్రం ఒప్పుకుందని ఎవరు చెప్పారు?

గుర్రాన్ని కొనేటప్పుడు ఒంటి మీద సుడులు చూసే ఆచారం మన దేశంలో ఇంకా పోలేదు. ఫలానా చోట సుడి ఉంటే యజమానికి కలిసొస్తుందని, మరో చోట ఉంటే ఇల్లు గుల్లవుతుందని నమ్మి బేరం వదులుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వెంట్రుకలు తిరిగిన తీరుకూ మనిషి బతుకుకూ సంబంధం లేదని చదువుకున్నవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. అయితే ఆ చదువుకున్నవాళ్ళే ఏ రుజువూ అడగకుండా నమ్మే మాట ఒకటుంది. గుర్రానికి పందెమంటే ఇష్టమట. గెలవాలని దానికీ ఉంటుందట. రౌతూ గుర్రమూ ఒకే జట్టట. రేసుకోర్సు గ్యాలరీలోనూ ఇదే మాట, ఒలింపిక్స్ వ్యాఖ్యానంలోనూ ఇదే మాట. అంతర్జాతీయ ఈక్వెస్ట్రియన్ సమాఖ్య అయితే రౌతు సైగలకు తగ్గట్టు గుర్రం చేత అడుగులు వేయించే డ్రెస్సాజ్ పోటీకి, గుర్రాన్ని సంతోషంగా ఉండే క్రీడాకారుడిగా తీర్చిదిద్దడమే లక్ష్యమని నిబంధనల్లోనే రాసుకుంది.

సుడుల నమ్మకం వల్ల చెడేది మహా అయితే ఒక బేరం. ఈ నమ్మకం చాటున నోరులేని జీవి నొప్పి భరిస్తోంది. కాబట్టి మిగతా నమ్మకాలను అడిగినట్టే దీన్నీ రుజువు అడగాలి.

ఈ నమ్మకానికి పునాది కథలు. హల్దీఘాటీలో గాయపడి కూడా రాణా ప్రతాప్‌ను మోసుకెళ్ళి ప్రాణం విడిచిన చేతక్, సిద్ధార్థుడి ఎడబాటు తట్టుకోలేక చనిపోయిన కంథకం, ఎవరికీ లొంగని గుర్రాన్ని లొంగదీసిన దేశింగురాజు మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మంచి కథలే. కానీ అన్నీ రౌతు వైపు నుంచి చెప్పినవే. యుద్ధానికి వెళ్ళాలో వద్దో చేతక్‌ను ఎవరూ అడగలేదు. చచ్చేదాకా మోసిన గుర్రాన్ని గొప్ప గుర్రమని పొగిడే సమాజానికి, మొయ్యనని నిలబడిపోయిన గుర్రం పొగరుబోతుగానే కనిపిస్తుంది.

అలా నిలబడిపోయిన గుర్రాన్ని 2021 ఆగస్టు 6న టోక్యో ఒలింపిక్స్‌లో ప్రపంచమంతా చూసింది. ఐదు ఆటలు కలిసిన ఆధునిక పెంటాథ్లాన్‌లో స్వారీకి క్రీడాకారులకు గుర్రాలను లాటరీ తీసి ఇచ్చేవారు. గుర్రానికీ రౌతుకూ పరిచయం కావడానికి ఇచ్చే వ్యవధి 20 నిమిషాలు. అప్పటిదాకా అందరికన్నా ముందున్న జర్మనీ క్రీడాకారిణి అన్నికా ష్లాయ్‌కు సెయింట్ బాయ్ అనే గుర్రం వచ్చింది. అదే రోజు అంతకుముందు మరో రౌతు కింద అది మొరాయించి ఉంది. ష్లాయ్ ఎక్కాక కూడా కదలనంది. ఆమె ఏడుస్తూ కొరడాతో కొట్టింది, మడమలతో పొడిచింది. కంచె అవతల నుంచి కోచ్ కిమ్ రైస్నర్ పిడికిలితో గుర్రాన్ని గుద్దింది. అందుకు కోచ్‌ను పోటీల నుంచి తప్పించారు. తర్వాత పెంటాథ్లాన్ నుంచి గుర్రపు స్వారీనే తీసేశారు. 2024 పారిస్ క్రీడలే దానికి ఆఖరు.

ఆ రోజు సెయింట్ బాయ్ దాచిందేమీ లేదు. ఒక ప్రాణి తన ఒంటితో ఎంత స్పష్టంగా కాదని చెప్పగలదో అంత స్పష్టంగా చెప్పింది. జట్టులో ఒకరు కాదంటే ఆట ఆగిపోవాలి కదా? ఆగలేదు, దెబ్బలు మొదలయ్యాయి. షో జంపింగ్ నిబంధనల్లోనూ గుర్రం కంచె ముందు ఆగిపోతే నాలుగు పెనాల్టీ పాయింట్లు వేస్తారు, రెండోసారి ఆగితే పోటీ నుంచి తప్పిస్తారు. ఎందుకు ఆగిందన్న ప్రశ్నకు ఆ లెక్కలో చోటు లేదు. కాదంటే శిక్ష ఉన్నచోట ఔననడాన్ని ఒప్పుదల అనలేం.

"జాకీ కిందపడ్డా గుర్రం పరుగు ఆపదు కదా, ఇష్టం లేకపోతే ఆగిపోవాలి కదా" అని అడుగుతారు. బలంగా కనిపించే వాదనే. కానీ గుర్రం మందలో బతికే జంతువు. తోడేళ్ళకూ పులులకూ ఆహారమైన జాతి. మంద పరిగెత్తుతుంటే వెనకపడ్డ గుర్రం చచ్చేది. లక్షల ఏళ్ళలో ఒంట్లో ఇంకిపోయిన ఆ స్వభావమే జాకీ లేని గుర్రాన్నీ పరిగెత్తిస్తుంది. దానికి గెలుపు గీత ఎక్కడుందో తెలియదు, కప్పు ఎవరికిస్తారో తెలియదు. గుర్రానికి పరుగు ఇష్టమే కావచ్చు. పచ్చిక బయల్లో తోటి గుర్రాలతో దౌడు తీసి, అలసినప్పుడు తనంతట తాను ఆగే పరుగు అది. అలసిపోయాక కూడా ఆగనివ్వని పరుగు వేరు. ఈ రెండింటినీ ఒకటే అనడంలోనే మోసం ఉంది.

అలసిన గుర్రాన్ని ఆగనివ్వకుండా చేసేది కొరడా. దాని గురించీ రెండు నమ్మకాలున్నాయి. గుర్రం చర్మం మందం కాబట్టి పెద్దగా నొప్పి ఉండదనేది ఒకటి, కొడితే వేగం పెరుగుతుందనేది మరొకటి. ఆస్ట్రేలియాలో పరిశోధకుడు పాల్ మెక్‌గ్రీవీ, ఆయన సహచరులు రెండింటినీ పరీక్షించారు. 2020లో ప్రచురించిన అధ్యయనంలో గుర్రం చర్మాన్నీ మనిషి చర్మాన్నీ సూక్ష్మదర్శిని కింద పోల్చి చూస్తే, నొప్పిని పసిగట్టే పైపొర మందంలోనూ అక్కడి నరాల సాంద్రతలోనూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. 2011 అధ్యయనంలో రేసు చివరి భాగంలో, గుర్రాలు అలసిపోతున్నప్పుడు, కొరడా దెబ్బలకూ వేగానికీ సంబంధం కనిపించలేదు. అంటే నొప్పి నిజం, లాభం భ్రమ. నార్వే 1982లోనే రేసుల్లో గుర్రాన్ని ఉరికించడానికి కొరడా వాడకాన్ని నిషేధించింది. అక్కడ రేసులు ఆగిపోలేదు.

కొరడా కంటికి కనిపిస్తుంది. కళ్ళెం నోట్లో ఉంటుంది కాబట్టి దాని సంగతి బయటపడదు. గుర్రం నోరు తెరిచి చూస్తే ముందు పళ్ళకూ దవడ పళ్ళకూ మధ్య కొంత ఖాళీ ఉంటుంది. కళ్ళెంలోని ఇనప కడ్డీ సరిగ్గా ఆ ఖాళీలో, నాలుక మీదుగా కూర్చుంటుంది. అక్కడ దవడ ఎముక అంచు పదునుగా ఉంటుంది, దాని మీద పలచటి చిగురు తప్ప కండ ఉండదు. రౌతు పగ్గం లాగినప్పుడల్లా ఆ చిగురు ఎముకకూ ఇనుముకూ మధ్య నలుగుతుంది. ఫిన్లాండ్‌లో రేసు ముగిసిన వెంటనే 261 ట్రాటింగ్ గుర్రాల నోళ్ళు పరీక్షిస్తే 84 శాతం గుర్రాలకు కడ్డీ తగిలే చోట తాజా గాయాలున్నాయి. ఆ బాధకు గుర్రం నోరు తెరుస్తుంది. తెరిస్తే చూడ్డానికి బాగుండదని ముక్కుపట్టీ బిగిస్తారు. పట్టీ కింద రెండు వేళ్ళు దూరాలన్నది పాతకాలం నుంచీ ఉన్న నియమం. 2017లో ప్రచురించిన ఒక అధ్యయనంలో 750 పోటీ గుర్రాలను పరిశీలిస్తే, 44 శాతం గుర్రాల పట్టీ కింద ఒక్క వేలు కూడా దూరలేదు. నియమం పుస్తకంలో ఉంది, గుర్రం మూతి బిగింపులో ఉంది. అంతర్జాతీయ సమాఖ్య చివరికి 2025 నుంచి పట్టీ బిగువును పరికరంతో కొలవడం మొదలుపెట్టింది. ఎవరో కొలిచి చూపించాకే ఆ మార్పు వచ్చింది.

మరి గుర్రం నేర్చుకోవడం, చిన్న సైగకే నాట్యం చేసినట్టు అడుగులు వెయ్యడం ఇష్టం లేకుండా సాధ్యమా? గుర్రానికి స్వారీ నేర్పే పద్ధతి చాలావరకు ఒకటే: ఒత్తిడి పెట్టడం, చెప్పినట్టు చెయ్యగానే ఆ ఒత్తిడి తీసెయ్యడం. పగ్గం బిగిస్తే ఆగుతుంది, వదలడమే దానికి బహుమానం. మడమతో నొక్కితే కదులుతుంది, నొక్కు తియ్యడమే బహుమానం. నేర్పరి చేతిలో ఆ ఒత్తిడి గాలి తాకినంత తేలిక. గెలవాలన్న తొందర ఉన్నవాడి చేతిలో అదే హింస. ఏ రకంగా చూసినా, గుర్రం నేర్చుకునేది ఇబ్బంది నుంచి తప్పించుకోవడం. దూరం నుంచి చూసేవాళ్ళకు అది ఉత్సాహంలా కనిపిస్తుంది.

మనం చూడదలచుకున్నదే గుర్రంలో చూస్తామనడానికి చరిత్రలోనే రుజువుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో విల్హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అనే రిటైర్డ్ ఉపాధ్యాయుడి గుర్రం హాన్స్ కూడికలూ తీసివేతలూ చేస్తుందని పేరు పడింది. జవాబు ఎంతైతే అన్నిసార్లు గిట్టతో నేలను తట్టేది. పండితులు సైతం నమ్మారు. 1907లో మనస్తత్వ పరిశోధకుడు ఆస్కర్ ఫుంగ్‌స్ట్ ఓపిగ్గా పరీక్షించి అసలు సంగతి తేల్చాడు. ప్రశ్న అడిగినవాడికి జవాబు తెలియకపోతే హాన్స్‌కూ తెలియదు. సరైన అంకె దగ్గరికి రాగానే మనిషి తల తనకు తెలియకుండానే రవ్వంత కదిలేది, దాన్ని చూసి గుర్రం ఆగేది. ఈ ప్రయోగం మనకు రెండు పాఠాలు చెబుతోంది. లేని తెలివినీ లేని కోరికనూ గుర్రానికి అంటగట్టడం మనకెంతో సులువు. వెంట్రుకవాసి కదలికను పసిగట్టే జీవికి ఇనుమూ కొరడా ముళ్ళ మడమలూ అవసరమనడం అబద్ధం.

గుర్రం మనసులో ఏముందో మనకెలా తెలుస్తుందని కొందరంటారు. మనసు తెలియకపోవచ్చు, నొప్పి తెలుస్తుంది. బ్రిటన్‌కు చెందిన పశువైద్య నిపుణురాలు స్యూ డైసన్, ఆమె సహచరులు స్వారీలో ఉన్న గుర్రం నొప్పిని గుర్తించడానికి 24 లక్షణాల జాబితా తయారుచేసి 2018లో ప్రచురించారు. చెవులు వెనక్కి వాలి అలాగే ఉండిపోవడం, నోరు పదే పదే తెరవడం, తోక విసురుతూనే ఉండడం, చూపు బిగుసుకుపోవడం, వెనక గిట్టల కొసలు నేలకు ఈడ్చడం అందులో ఉన్నాయి. ఎనిమిది, అంతకన్నా ఎక్కువ కనిపిస్తే ఆ గుర్రానికి ఎముకల్లోనో కండరాల్లోనో నొప్పి ఉండే అవకాశం చాలా ఎక్కువ. నొప్పి ఉన్నచోట మత్తుమందు ఇచ్చి మళ్ళీ స్వారీ చేయిస్తే ఆ లక్షణాలు తగ్గిపోయాయి. కాబట్టి ఇన్నాళ్ళూ మొండితనం, పొగరు, బద్ధకం అని తిట్టినవాటిలో చాలావరకు నొప్పే. దెయ్యం పట్టిందని వేపమండలతో కొట్టించిన మనిషికి ఉన్నది జబ్బని తేలడం లాంటిదే ఇది.

పందెపు గుర్రాలు రాజభోగం అనుభవిస్తాయన్న వాదన కూడా పరీక్షకు నిలవదు. మంచి దాణా, మాలీషు, డాక్టరు, ఫ్యాన్లున్న సాల మనిషి కంటికి భోగం. వదిలేస్తే గుర్రం రోజులో పద్నాలుగు, పదహారు గంటలు నడుస్తూ గడ్డి మేస్తుంది. దాని కడుపులో ఆమ్లం ఊరుతూనే ఉంటుంది, మేత పడుతూనే ఉండాలి. అలాంటి జంతువును ఒంటరిగా సాలలో నిలబెట్టి, గింజల దాణా పెట్టి, రోజుకు గంటో రెండు గంటలో బయటికి తీస్తే కడుపులో పుండ్లు పడతాయి. శిక్షణలో ఉన్న రేసుగుర్రాల్లో ఎక్కువ వాటికి ఈ పుండ్లున్నట్టు ఎన్నో అధ్యయనాలు చూపించాయి. తలుపు చెక్క కొరకడం, నిలబడ్డచోటే అటూ ఇటూ ఊగడం కూడా ఆ బందిఖానా తెచ్చిన రోగాలే. గుర్రానికి కావలసింది తోటి గుర్రాలు, గడ్డి, తిరగడానికి చోటు.

"పందేలు లేకపోతే ఈ గుర్రాలే ఉండవు" అన్నది ఆఖరి వాదన. పుట్టించాం కాబట్టి బాధపెట్టే హక్కుందనడాన్ని పిల్లల విషయంలో ఏ తల్లిదండ్రుల నోటా ఒప్పుకోం. గుర్రం విషయంలో ఎందుకు ఒప్పుకోవాలి?

ఇదంతా కొందరు చెడ్డవాళ్ళ పని, ఆట మంచిదేనని సర్దిచెప్పుకోవడమూ కుదరదు. మూడు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన బ్రిటన్ డ్రెస్సాజ్ రౌతు షార్లట్ డుజార్డిన్, శిక్షణలో ఒక గుర్రం కాళ్ళ మీద కొరడాతో పదే పదే కొట్టిన వీడియో బయటపడడంతో పారిస్ క్రీడల నుంచి తప్పుకుంది. ఏడాది నిషేధం, 10,000 స్విస్ ఫ్రాంకుల జరిమానా పడ్డాయి. ఆమె ఈ ఆటకు ఆదర్శంగా నిలిచిన మనిషి. శిఖరం మీద ఉన్నవాళ్ళే ఇలా చేశారంటే తప్పు ఆటను నడిపే తీరులోనే వెతకాలి.

మన దగ్గరి సంగతీ చూద్దాం. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో 1886లో మలక్‌పేటకు చేరిన హైదరాబాద్ రేసులు నేటికీ నడుస్తున్నాయి. 1996లో కె.ఆర్. లక్ష్మణన్ కేసులో సుప్రీంకోర్టు గుర్రప్పందెం నైపుణ్యంతో కూడిన ఆటేనని తీర్పిచ్చింది. అక్కడ తేలవలసింది అది జూదమా కాదా అన్నదే. ఆ నైపుణ్యాన్ని గుర్రం చేత ఏ ధరకు రాబడుతున్నామన్నది ఆ కేసులో ప్రశ్న కాదు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం కింద హింసకు మొదటిసారి పట్టుబడితే జరిమానా 10 నుంచి 50 రూపాయలు. ఒక్క రేసు మీద చేతులు మారే డబ్బు పక్కన ఈ అంకెను పెట్టి చూస్తే, గుర్రం నొప్పికి చట్టం కట్టిన వెల ఎంతో తెలుస్తుంది. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో మన డ్రెస్సాజ్ జట్టు స్వర్ణం గెలిచింది. ఈక్వెస్ట్రియన్‌లో మన దేశానికి 41 ఏళ్ళ తర్వాత దక్కిన స్వర్ణమది. ఆ నలుగురి శ్రమను గౌరవించాలి. ఈ ఆటలోకి మన పిల్లలు ఇంకా వస్తారు కాబట్టే ఈ ప్రశ్న ఇప్పుడే అడగాలి.

ఈరోజు నడుస్తున్న తీరులో గుర్రప్పందేలూ స్వారీ పోటీలూ గుర్రానికి న్యాయం చెయ్యడం లేదు. న్యాయంగా ఉన్నాయని వాదించేవాళ్ళు దాన్ని రుజువు చెయ్యాలి. ఆ భారం గుర్రం మీద వెయ్యకూడదు. రేసుల్లో ఉరికించడానికి కొరడా వాడకాన్ని పూర్తిగా ఆపాలి. ప్రతి పోటీ తర్వాత గుర్రం నోరు పశువైద్యుడు చూడాలి, నొప్పి లక్షణాలు లెక్కగట్టాలి, పరిమితి దాటిన గుర్రాన్ని ఎంత పేరున్న రౌతుదైనా పోటీ నుంచి దింపాలి. మొరాయించిన గుర్రాన్ని కొడితే రౌతును అక్కడికక్కడే తప్పించాలి. గుర్రం పుట్టిన దగ్గర్నుంచి రేసు వయసు దాటాక ఎక్కడికి పోయిందో, ఎలా చనిపోయిందో క్లబ్బులు జనానికి చెప్పాలి. 50 రూపాయల జరిమానాను పార్లమెంటు మార్చాలి.

ఇవన్నీ చేశాక కూడా మిగిలే పోటీ ఏదైనా ఉంటే అది ఉండనీ. ఇవి చేస్తే ఆటే మిగలదని నిర్వాహకులు అంటే, ఆ ఆట గుర్రం ఇష్టం మీద కాక దాని నొప్పి మీద నడుస్తోందని వాళ్ళే ఒప్పుకున్నట్టు. అలాంటి ఆటను ఆపెయ్యడమే న్యాయం.