మనిషి విలువ, బత్తలపల్లి సాక్ష్యం

క్రైస్తవ విశ్వాసంలో మనిషికి విలువ పుట్టుకతోనే ఉంది. దేవుడు నరుణ్ణి తన పోలికలో సృష్టించాడని ఆదికాండం మొదటి అధ్యాయం చెబుతుంది. కులం, చదువు, ఆస్తి ఆ తర్వాత వచ్చి చేరినవే. లూకా సువార్త 12వ అధ్యాయంలో ఒక ధనవంతుడికి పంట విరగపండుతుంది. పాత కొట్లు పీకేసి పెద్దవి కట్టుకోవాలనుకుంటాడు, ఆ రాత్రే ప్రాణం పోతుంది. అతను ఎవరి సొమ్మూ దోచలేదు, పంట తన పొలానిదే. బతుకును ధాన్యంతో కొలుచుకోవడమే అతని పొరపాటు.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలకు ఈ కొలత కొత్త కాదు. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చిన ఈ సీమ అంతకుముందు అనంతపురం జిల్లాలోది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, దాన్ని నమ్ముకున్న వేరుశనగ. ఇక్కడ అప్పు తీరక ప్రాణం తీసుకున్న రైతులున్నారు, ధర్మవరంలో మగ్గం మీద పట్టుచీర ఉండగానే ఆ దారి పట్టిన నేతన్నలూ ఉన్నారు. 2019లో పెనుకొండ దగ్గర కియా కార్ల తయారీ మొదలయ్యాక ఎకరం ధర ఊరూరా కబురైంది. విదేశాల నుంచి వచ్చే ఫోన్లలోనూ క్షేమసమాచారం తర్వాత అడిగేది అదే!

ఈ నేల మీదికే 1969లో విన్సెంట్ ఫెర్రర్ వచ్చాడు. 1920లో బార్సిలోనాలో పుట్టి, పదిహేడేళ్లు దాటీ దాటకముందే స్పెయిన్ అంతర్యుద్ధంలో సైనికుడై, తర్వాత జెస్యూట్ సభలో చేరాడు. 1952లో భారతదేశానికి వచ్చి, మహారాష్ట్రలోని మన్మాడ్ చుట్టుపక్కల రైతులచేత బావులు తవ్వించాడు. అక్కడి పెద్దలకు అది గిట్టలేదు. 1968లో దేశం విడిచిపోవలసి వచ్చింది, ఇందిరాగాంధీ ప్రభుత్వం మళ్లీ రానిచ్చింది. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ (ఆర్డీటీ) అనే సేవాసంస్థ పెట్టాక జెస్యూట్ సభ వదిలి ఆన్ పెర్రీని పెళ్లాడాడు. అయినా జనానికి ఆయన చివరిదాకా ఫాదరే. ధర్మవరం దగ్గర బత్తలపల్లిలో సంస్థ పెద్దాసుపత్రి కట్టింది. 2009లో చనిపోయాక ఆయన్ను ఖననం చేసిందీ బత్తలపల్లిలోనే.

అంత సేవ చేశాడు కాబట్టే ఆ బతుకు విలువైనదని ఎవరైనా అంటే, క్రైస్తవ బోధ ఒప్పుకోదు. బత్తలపల్లిలో హెచ్‌ఐవీ, క్షయ రోగులకు వేరే విభాగం ఉంది. మంచం దిగలేని రోగి ఎవరికీ ఏ సేవా చేయలేడు. సేవే కొలత అయితే అతని విలువ సున్నా. మత్తయి 25వ అధ్యాయంలో క్రీస్తు తనను కలుపుకున్నది ఆ రోగితోనే. అతనికి చేసింది తనకు చేసినట్టేనన్నాడు. పౌలు ఎఫెసీ పత్రికలో రక్షణ కృపవల్ల కలిగిందని ముందు చెప్పి, సత్క్రియల మాట తర్వాతే ఎత్తుతాడు.

ఇక డబ్బు సంగతి. ఆర్డీటీకి ఏళ్ల తరబడి దన్నుగా నిలిచినవాళ్లలో ఎక్కువమంది స్పెయిన్‌లోని మామూలు కుటుంబాలవాళ్లు, నెలకింతని పంపేవాళ్లు. మార్కు సువార్తలో రెండు కాసులు వేసిన విధవరాలికి వీళ్లు దగ్గరివాళ్లు. ఊరి గుడికో బడికో రాతిమీద పేరు చెక్కించుకునే ప్రవాసుల విరాళం ఆ ధనవంతుడి కొట్లవైపే మొగ్గుతుందేమో. తీసుకునేవాడి గౌరవం తగ్గకుండా ఇవ్వడం ఇంకా కష్టం. ఆర్డీటీ దళిత, గిరిజన కుటుంబాలకు కట్టించిన ఇళ్లు ఆడవాళ్ల పేరిటే రాసిచ్చింది. పుట్టింటా మెట్టినింటా తమ పేరున సెంటు జాగా లేనివాళ్లు ఇంటి యజమానులయ్యారు.