జమా–ఖర్చు: రెండు గంటల పరిమళం

పోయిన సంచికలో పాత సేఫ్టీ రేజర్ల గురించి రాస్తే నలుగురైదుగురు పాఠకులు పలకరించారు. సేలం నుంచి ఒక పెద్దాయన మాత్రం, "గడ్డం గీసుకోవడం వరకు చెప్పి ఊరుకున్నారు. గీసుకున్నాక ఏం రాసుకుంటారో చెప్పలేదేం?" అని ఉత్తరంలో నిలదీశారు. న్యాయమైన ప్రశ్నే. ముప్పై ఏళ్లుగా బ్యాంకులో పనిచేస్తున్న వాడిని, ఓచరు రాసి సంతకం మరిచిపోయానన్న మాట. ఆ సంతకం ఈ సంచికలో పెడుతున్నాను.

మా ఇంట్లో ఆ రోజుల్లో గీసుకున్నాక రాసుకునేది ఒక్కటే, పటిక ముక్క. పెరంబూరులో మా క్వార్టర్సు పెరటి గోడకు చిన్న అద్దం వేలాడేది. నాన్నగారు ఐ.సి.ఎఫ్.లో ఫస్ట్ షిఫ్టుకు వెళ్లే ముందు దాని ఎదుట నిలబడి గడ్డం గీసుకుని, పటికను నీళ్లలో తడిపి బుగ్గలకు రుద్దుకునేవారు. చిన్న గాట్లు పడితే రక్తం కట్టేది, చర్మం బిగుసుకునేది. వాసనంటూ ఏమీ ఉండదు. "మగవాడికి సబ్బు వాసన చాలు" అన్నది ఆయన సిద్ధాంతం.

ఆ సిద్ధాంతానికి గండి కొట్టింది మా చిన్నాన్న. ఆయన పని హార్బరులో. దాని దగ్గరే, బీచ్ స్టేషన్ ఎదురుగా, బర్మా బజారు. బర్మా నుంచి తిరిగి వచ్చినవాళ్ల బతుకుతెరువు కోసం 1969లో వెలిసిన ఆ కొట్ల వరుసలో దొరకని విదేశీ సరుకు లేదనేవారు. అక్కడినుంచి ఒక దీపావళికి ఓల్డ్ స్పైస్ సీసా తెచ్చుకున్నాడు. తెల్లటి సీసా, మీద ఎర్రటి అక్షరాలు, తెరచాపలెత్తిన ఓడ బొమ్మ. చిన్నాన్న స్నానానికి వెళ్లినప్పుడు నేను బిరడా తీసి వాసన చూసేవాణ్ణి. నాన్నగారు ఒకసారి వాసన చూసి, "ఇందులో ఉన్నది స్పిరిట్ కదురా. నోటికి తగలనివ్వని దాన్ని మొహానికి రాసుకుంటావా?" అన్నారు. చిన్నాన్న నవ్వి ఊరుకున్నాడు.

1994లో నాకు బ్యాంకులో ఉద్యోగం వచ్చింది. మొదటి జీతంలో అమ్మకు చీర, నాన్నగారికి పంచెలచాపు, నాకు ఆ సీసా. ఈసారి బర్మా బజారు దాకా వెళ్లే పని పడలేదు, మా వీధి మందుల షాపులోనే దొరికింది. అప్పటినుంచి ఇప్పటివరకు, మధ్యలో వచ్చిన ఒక ఆర్నెల్ల విరామం తప్ప, అదే నా పరిమళం.

దాని పుట్టుపూర్వోత్తరాలు కొంచెం చెబుతాను. విలియం లైట్‌ఫుట్ షుల్జ్ అనే ఆయన 1934లో అమెరికాలో షుల్టన్ అనే కంపెనీ పెట్టారు. 1937లో ఓల్డ్ స్పైస్ పేరుతో మొదట తెచ్చింది ఆడవాళ్ల సరుకు! మగవాళ్లది ఆ మరుసటి ఏడాది, 1938లో వచ్చింది. 1990లో ఆ పేరు ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ చేతికి వెళ్లింది. పేరుకు ఇంగ్లీషుదే గానీ, లోపలి వాసనల్లో ముఖ్యమైనవి మన పోపులపెట్టెలో, మసాలా డబ్బాలో ఉండేవే: లవంగం, దాల్చినచెక్క, జాజికాయ. వీటికి ముందు కొంచెం నారింజ తొక్క, చివర కొంచెం వెనిలా. అందుకే కాబోలు, విదేశీ సీసా అయినా మనకు పరాయిగా తోచదు.

ఇక అది ఒంటి మీద ఎలా నడుస్తుందో చూద్దాం. ఉదయం ఎనిమిదింటికి నాలుగు చుక్కలు అరచేతిలో పోసుకుని బుగ్గలకు తట్టగానే మంట. వేడిని పసిగట్టే నరాల కొసలకు స్పిరిట్ తగిలితే, మామూలు ఒంటి వేడిమే వాటికి కాలినట్టు తోస్తుందట. మరుక్షణం చల్లదనం, ఎందుకంటే స్పిరిట్ ఆవిరవుతూ చర్మంలోని వేడిని వెంట తీసుకుపోతుంది. ఆ మొదటి ఐదు పది నిమిషాలు నారింజ, నిమ్మ వాసనలు. అవి తేలికైన నూనెలు, ముందుగా ఎగిరిపోతాయి. పెరంబూరులో లోకల్ ఎక్కేసరికి లవంగం, దాల్చినచెక్క పైకొస్తాయి. ఓ గంట వాటిదే రాజ్యం. బీచ్ స్టేషన్‌లో దిగి, ఆ ఉక్కలో బ్రాంచికి నడిచి, పదింటికి కౌంటర్లు తెరిచే వేళకు మిగిలేది పౌడరు లాంటి తియ్యదనం కొంచెం. అదీ ఎవరైనా పక్కన కూర్చుని పాసుపుస్తకం మీదికి వంగితే తెలిసేంత. పదకొండు తర్వాత ఏమీ ఉండదు.

"రెండు గంటలకే పోయే దానికి డబ్బెందుకు తగలేయడం?" అని మా బ్రాంచి కుర్రవాళ్లు వేళాకోళం చేస్తారు. వాళ్ల మాటలో నిజం లేకపోలేదు. ఆఫ్టర్‌షేవ్‌లో పరిమళ ద్రవ్యం సుమారు నూటికి ఒకటి నుంచి మూడు పాళ్లే, మిగతాది స్పిరిట్, నీళ్లు. అదే ఓ ద పర్‌ఫ్యూమ్ అని రాసి ఉండే ఖరీదైన సీసాల్లో నూటికి పదిహేను, ఇరవై పాళ్ల దాకా ఉంటుంది. అవి పొద్దున రాసుకుంటే రాత్రి భోజనాల వేళకూ ఉంటాయి.

అలాంటి సీసా ఒకటి మా ఇంటికీ వచ్చింది. 2019 దీపావళికి మా అబ్బాయి బెంగుళూరు నుంచి, తన మొదటి జీతంలో కొన్నానంటూ తెచ్చాడు. వంద మిల్లీలీటర్లు, ఆరున్నర వేలు! ధర విని గుండె గుభేలుమన్నా, పిల్లవాడి సరదా కాదనలేక రోజూ నాలుగు పిచికారీలు కొట్టుకుని బ్రాంచికి వెళ్లసాగాను.

పాత అలవాటు కొద్దీ లెక్క వేశాను. నా పాత సీసా ధర వంద మిల్లీలీటర్లకు మూడు వందల చిల్లర ఉండేది. లెక్క సులువుగా ఉండటానికి మూడు వందలనుకుందాం. రోజుకు ఒక మిల్లీలీటరు, అంటే మూడు రూపాయలు. ఉండేది రెండు గంటలు కాబట్టి గంటకు రూపాయిన్నర. అబ్బాయి సీసాలో ఒక పిచికారీకి పదో వంతు మిల్లీలీటరు చొప్పున వెయ్యి పిచికారీలు, ఒక్కోటి ఆరున్నర రూపాయలు. రోజుకు నాలుగంటే ఇరవై ఆరు రూపాయలు. ఉండేది పది గంటలు కాబట్టి గంటకు రెండు రూపాయల అరవై పైసలు. చూశారా? ఆరున్నర వేలకూ మూడు వందలకూ మధ్య, గంటల చొప్పున పంచితే, తేడా రూపాయి పది పైసలే! పిల్లవాడు దుబారా చేయలేదని సంతోషించాను.

ఆ సంతోషం నవంబరు దాకానే. నవంబరు నెల పింఛనుదార్లు లైఫ్ సర్టిఫికెట్లు ఇచ్చే నెల. ఏసీ గది, మూసిన తలుపులు. డెబ్బై అయిదేళ్ల పెద్దావిడ ఒకరు నా ఎదుట కూర్చుని సంతకం పెట్టబోతూ దగ్గడం మొదలెట్టారు. పమిటచెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఏమనుకోకు నాయనా, నాకు ఉబ్బసం. ఆ సెంటు వాసనకు ఊపిరాడటం లేదు. ఇంకో బల్ల దగ్గరికి పోనా?" అని తమిళంలో అడిగారు. గంటసేపు వరుసలో కూర్చున్న మనిషి నన్ను క్షమాపణ అడుగుతోంది! కాగితాలు తీసుకుని నేనే లేచి, బయట వరండాలో బెంచీ మీద ఆవిడను కూర్చోబెట్టి, దూరంగా నిలబడి పని పూర్తి చేయించాను.

నా లెక్కలో తప్పెక్కడుందో అప్పుడు తెలిసింది. పది గంటలు ఉంటుందని జమ రాసుకున్నాను గానీ, ఆ పది గంటలూ నేను అనుభవించినవి కావు. ఏ వాసనైనా కొన్ని నిమిషాలకే మన ముక్కుకు అలవాటైపోయి తెలియకుండా పోతుంది. పోయిందనుకుని ఇంకో రెండు పిచికారీలు కొడతాం. నిజానికి అది ఎక్కడికీ పోదు. పక్క కుర్చీవాళ్లు, లిఫ్టులో వాళ్లు, లోకల్ రైల్లో మన భుజం కింద నిలబడ్డ వాళ్లు దాన్ని మోస్తుంటారు. ఆ ఖర్చు నా పుస్తకంలో ఎక్కడా రాయలేదు. మర్నాటినుంచి మళ్లీ పాత సీసాయే. అబ్బాయిచ్చింది పెళ్లిళ్లకు, ఆరుబయట రిసెప్షన్లకు ఒక్క పిచికారీ చొప్పున వాడుతున్నాను. అబ్బాయికీ ఉన్నమాటే చెప్పాను. వాడేమీ అనుకోలేదు.

ఇక పైన చెప్పిన ఆర్నెల్ల విరామం సంగతి. రాయాలా వద్దా అని మా ఆవిడనే అడిగాను. "రాయండి, ఎవరికైనా పనికొస్తుంది" అంది.

2022 జూలైలో ఆమెకు రొమ్ములో గడ్డ బయటపడింది. ఆపరేషను అయ్యాక కీమోథెరపీ, ఇరవై ఒక్క రోజులకు ఒకటి చొప్పున ఎనిమిది. జుట్టు ఊడుతుందని, నీరసమొస్తుందని ముందే చెప్పారు. వాసనలతో ఇంత యుద్ధం ఉంటుందని మాత్రం మేమిద్దరం ఊహించలేదు. కింది వాటాలో పోపు వేస్తే ఇక్కడ ఈమెకు వాంతి. అగరొత్తులు మానేశాం. బట్టల సబ్బు మార్చాం. వేడి అన్నం ఆవిరి కూడా పడేది కాదు. చల్లారిన పదార్థాలకు వాసన తక్కువని నర్సు చెబితే, తెల్లవారుజామునే వండి, చల్లారబెట్టి, పెరుగన్నం కలిపి పెట్టేవాణ్ణి. అది మాత్రం నాలుగు ముద్దలు లోపలికి పోయేది.

రెండో కీమో అయిన మూడో రోజు, గడ్డం గీసుకుని అలవాటు ప్రకారం బుగ్గలు తట్టుకుని, కాఫీ ఇద్దామని ఆమె గదిలోకి వెళ్లాను. మొహం గోడవైపు తిప్పుకుంది. ఒక్క మాట అనలేదు. ఇరవై ఆరేళ్ల కాపురంలో నేను ఎదురొస్తే ఆమె మొహం తిప్పుకోవడం అదే మొదటిసారి. నాకు విషయం అర్థమవడానికి ఒక నిమిషం పట్టింది. వెళ్లి సబ్బుతో రెండుసార్లు మొహం కడుక్కున్నాను. సీసా అలమారలో పై అరలో పెట్టేశాను. మర్నాడు కిరాణా కొట్టుకు వెళ్లి పటిక ముక్క కొనుక్కొచ్చాను. నాన్నగారు పోయి అప్పటికి తొమ్మిదేళ్లు. ఆయన పద్ధతి ఆ రకంగా మళ్లీ ఇంట్లోకి వచ్చింది.

ఎనిమిదోది 2023 జనవరిలో అయింది. తర్వాత రేడియేషను. మార్చి మొదటి వారంలో ఒక ఆదివారం బాల్కనీలో పేపరు చదువుకుంటున్నాను. ఆమె కాఫీ గ్లాసుతో వచ్చి పక్కన కూర్చుని, "ఏమండీ, ఈ మధ్య గడ్డం గీసుకోవటం లేదా?" అంది.

"ఇప్పుడే కదా గీసుకున్నాను!"

"మరి ఆ వాసన ఏదీ?"

ఆమె చేతిలో ఉన్నది వేడి కాఫీ. తనే కలుపుకుంది. అది నేను గమనించింది కూడా అప్పుడే. లోపలికి వెళ్లి పై అర తడిమి సీసా తీశాను. దాని మీద సన్నగా దుమ్ము. ఒక్క చుక్క అరచేతిలో వేసుకుని, భయంభయంగా చెయ్యి చాచాను. వాసన చూసింది. "పాతదే కదా, పిసినారితనం దేనికి? సరిగ్గా రాసుకోండి" అంది. ఆ పూట డాక్టరు రిపోర్టు చూసినా అంత ధైర్యం వచ్చేది కాదేమో.

ముప్పై ఏళ్లుగా అది నా ఒక్కడి ఖాతా అనుకున్నాను. జాయింటు ఖాతా అని ఆ రోజు తెలిసింది.

సేలం పెద్దాయన అడిగారు కనుక నాలుగు పనికొచ్చే మాటలు చెప్పి ముగిస్తాను. నాలుగు చుక్కలు మించకండి. మనకు వాసన తెలియడం మానేసిందంటే పోయిందని అర్థం కాదు. గాటు పడ్డచోట స్పిరిట్ కంటే ముందు పటిక మంచిది. చర్మం పొడిబారేవాళ్లు పైన కొంచెం క్రీము రాసుకోవాలి. సీసాను కిటికీలో ఎండ తగిలేచోట పెడితే వాసన చెడిపోతుంది, అలమారలో ఉంచండి. రోగిని చూడటానికి వెళ్లేటప్పుడు ఏదీ రాసుకోకుండా వెళ్లండి. అలాగే మీ ఇంట్లో ఎవరైనా మీరు ఎదురొచ్చినప్పుడు మొహం తిప్పుకుంటే, కోపమని తొందరపడకండి. ముందు మీ బుగ్గలు వాసన చూసుకోండి.

ఆమె ఇప్పుడు బాగుంది. ఆర్నెల్లకోసారి పరీక్షలకు వెళ్లొస్తున్నాం. ఆస్పత్రికి వెళ్లే రోజు మాత్రం నాకు ఇప్పటికీ పటికే.

వచ్చే సంచికలో కలుద్దాం.