ఏడాది ఒజ్జలు

పాశ్చాత్యదేశములలో ఉన్నతపాఠశాల చదువు ముగించిన యువతీయువకులు కళాశాలలో ప్రవేశించుటకు ముందు ఒక సంవత్సరము విరామము గైకొని పరదేశములకు పోవు ఆచారమొకటి కలదు. దానిని గ్యాప్ ఇయర్ అందురు. వారిలో అనేకులు ఆసియా, ఆఫ్రికా ఖండములలోని పల్లెలకు వచ్చి కొన్ని వారములో, కొన్ని మాసములో బాలురకు ఇంగ్లీషు బోధించి మరలిపోవుదురు. వీరిని పంపుటకు ప్రత్యేకసంస్థలు కలవు. అందు కొన్ని ధర్మబుద్ధితో నడచునవి. కొన్ని యువకులయొద్దనే హెచ్చు రుసుము గైకొని వ్యాపారము సాగించునవి. ఇట్టివారిని పిలిపించిన మన పల్లె బిడ్డలకు ఇంగ్లీషు అబ్బునను ఆశ సహజమైనది. ఆ ఆశ ఎంతవరకు సమంజసమో జహీరాబాదు ప్రాంతమును దృష్టియందుంచుకొని విచారింతము.

జహీరాబాదు హైదరాబాదునుండి బొంబాయికి పోవు రాజమార్గముపై, కర్ణాటక సరిహద్దు చెంత నున్న పట్టణము. దాని అంగడివీథిలో తెలుగు, ఉర్దూ, కన్నడము, మరాఠీ అన్నియు వినబడును. ఇంటిలో నొక భాషయు, బజారులో మరియొక భాషయు పలుకుచు పెరుగు బాలునకు భాషలు నేర్చు శక్తి లేదనుట సాహసము. వానికి కొరవడినది శక్తి కాదు. చేయిపట్టి కడదాక నడిపించు గురువు.

పరభాషాబోధ యీ సీమకు క్రొత్త కాదు. 1948 వరకు నిజాము రాజ్యమున ఉర్దూ రాజభాషగా నుండెను. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయమున బోధనయు ఆ భాషయందే సాగెను. తెలుగు బిడ్డ తన భాషకు తన యూరిలోనే పరాయివాడైనాడు. ఇప్పటి సంగారెడ్డి జిల్లాలోనిదే యైన జోగిపేటలో 1930లో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన ప్రథమ ఆంధ్రమహాసభ కూడుటకు ఆ వేదనయే ప్రధానకారణములలో నొకటి. ఉర్దూ మంచి భాషయే. ఇంగ్లీషును మంచి భాషయే. బిడ్డకు తెలిసిన దానినుండి తెలియని దానికి మెట్లు కట్టక ఒక్కుమ్మడిగా దూకుమనుటయే దోషము.

2022-23 విద్యాసంవత్సరమున తెలంగాణ ప్రభుత్వము ప్రభుత్వపాఠశాలలలో ఇంగ్లీషు మాధ్యమమును ప్రవేశపెట్టినది. తలిదండ్రులు కోరినదియు అదియే. కాని తెలుగులో చదివి, తెలుగులో బోధింప నేర్చిన ఉపాధ్యాయుని ఒక్క యేడాదిలో ఇంగ్లీషు ఉపాధ్యాయుని చేయుట ఉత్తరువుచే సాధ్యము కాదు. ఇచ్చటనే విదేశయువకుడు రక్షకుడుగా కన్పట్టును.

అతని యోగ్యత యేమి? 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము మన ఉపాధ్యాయునకు నిర్ణీతమైన యర్హత వలయును, శిక్షణ వలయును, అర్హతపరీక్షయందు ఉత్తీర్ణుడు కావలయును. పరదేశమునుండి వచ్చు పదునెనిమిదేండ్ల బాలునకు ఇంగ్లీషు తల్లిభాష యగుట చాలునా? తెలుగింట పుట్టిన ప్రతివాడును తెలుగు పండితుడు కాజాలడని మనమెరుగుదుము. పలుకుట వేరు, పలికించుట వేరు.

జహీరాబాదు రైతునకు ఈ సంగతి చెరకుతోటతో పోల్చి చెప్పవచ్చును. చెరకు నాటినవాడు దానిని ఏడాదిపొడవునను కనిపెట్టుకొని యుండును. మూడు నెలలకొక క్రొత్తవాడు వచ్చి, మునుపటివాని పని యెరుగక, ప్రతిసారియు మొదటినుండి దుక్కి దున్నిన ఆ తోట యేమగును? బడియు నట్టిదే. వచ్చిన ప్రతి యువకుడును అక్షరముల పాటతోనే ఆరంభించును. బిడ్డలు అతనికి చేరువగుసరికి అతని గడువు తీరును. పాఠ్యపుస్తకము వెనుకబడును. ఏటేట నిలిచియుండు మన పంతులు తన తరగతిలోనే చిన్నబోవును. అన్నింటికంటె కీడు ఇదియే. పంతులుగారికి రాని విద్య దొరబిడ్డకు వచ్చునని బాలుడు ఒకసారి తలచెనా, ఆ తలపు ఇంగ్లీషుకంటె లోతుగా నాటుకొనును.

ఈ మాట మేము మాత్రమే చెప్పుచున్నది కాదు. 1958లో బ్రిటనులో అలెక్ డిక్సను స్థాపించిన వీఎస్‌ఓ అను స్వచ్ఛందసేవాసంస్థ మొదట పదునెనిమిదేండ్ల యువకులనే పరదేశములకు పంపినది. కాలక్రమమున ఆ సంస్థయే ఆ మార్గమును విడిచి, వృత్తిలో శిక్షణయు అనుభవమును గలవారిని పంపజొచ్చినది. పంపినవారు నేర్చుకొన్న పాఠమును పిలుచువారు విస్మరించుట వివేకము కాదు.

అయిన పరదేశీయుని సేవ యెల్ల వ్యర్థమని మా యభిప్రాయము కాదు. సి. పి. బ్రౌను 1817లో మదరాసునకు వచ్చినాడు. అతడు కంపెనీవారి యుద్యోగి. ఆ పాలనను మనము మెచ్చవలసిన పని లేదు. కాని అతడు ముందుగా తెలుగు నేర్చినాడు. కడపలో సొంతధనముతో ఉచితపాఠశాలలు నడిపినాడు. దశాబ్దములు శ్రమించి 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును ప్రకటించినాడు. బోధించుటకు ముందు శిష్యుడైనందుననే అతని సేవ నిలిచినది.

శిష్యుడై వచ్చు పరదేశీయునకు జహీరాబాదులో నేర్వదగినది కొల్లలుగా నున్నది. 1983లో వెలసిన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి పస్తాపురము కేంద్రము. ఆ సంఘములలోని దళితస్త్రీలు చిరుధాన్యముల విత్తనములను కాపాడినారు. 2008లో మాచునూరున తమ భాషలో తామే పలుకు సంఘం రేడియోను నెలకొల్పినారు. 2019లో ఐక్యరాజ్యసమితివారి ఈక్వేటర్ బహుమతిని పొందినారు. అక్షరములు రాని ఆ తల్లులయొద్దకు దేశదేశముల విద్యార్థులును, పరిశోధకులును వచ్చి విద్య నేర్చిపోయినారు. వారి పొలము గట్టుపై వినయముతో కూర్చుండు పరదేశి, వారి బిడ్డల బడిలో ఒక్క దినమున గురువెట్లగును?

కావున విదేశయువకులు రావలదనము. రాదగిన తీరున రావలెనందుము. మూడు వారముల యాత్రికుడు బడికి వలదు. వచ్చువాడు ఒక పూర్తి విద్యాసంవత్సరము నిలువవలెను. కొంత తెలుగు నేర్వవలెను. అతని పూర్వచరిత్రను విచారింపకయే బిడ్డల నడుమకు పోనీయరాదు. తెల్లని మోము యోగ్యతాపత్రము కాదు. తరగతి పంతులుగారిదే, అతడు వారికి సహాయుడు మాత్రమే. సాయంకాలములందు ఉపాధ్యాయులతో కూర్చుండి వారి ఇంగ్లీషు సంభాషణకు తోడ్పడిన అది నిజమైన సేవ. అతడు వెళ్ళిన పిమ్మటను ఆ ఫలము బడిలో నిలుచును.

కాని అసలు బాధ్యత మనది. ఇంగ్లీషు బోధనాశాస్త్రమునకై 1958లోనే వెలసి, ఇప్పుడు విశ్వవిద్యాలయమైన సంస్థ జహీరాబాదునకు సుమారు నూరు కిలోమీటర్ల దూరమున, హైదరాబాదులోనే యున్నది. ప్రతి మండలపు ఉపాధ్యాయులకును ఏటేట అట్టి శిక్షణ లభింపజేయుడని ప్రభుత్వమును నిలదీసి యడుగువా రెందరు? భూవసతి గలవారును, పట్టణవాసులును తమ బిడ్డలను నగరపు బడులకు పంపి, పల్లెబడిని పాలేరు బిడ్డలకు విడిచినారు. తమవారు చదువని బడి యెట్లున్నను వారికి చింత లేదు. ఆ లోటును ఎక్కడివాడో యొక పరదేశి తీర్చునని యెదురుచూచుట దాతృత్వమును స్వీకరించుట కాదు, కర్తవ్యమును తప్పించుకొనుట.

సముద్రములు దాటి యొక సంవత్సరము ఎవరికో యీయదలచిన ఆ యువకుని హృదయమును మేము శ్లాఘింతుము. ఆ హృదయము మన యింట లేదా? పట్టము పుచ్చుకొన్న మన కుమారులును కుమార్తెలును ఉద్యోగము దొరకులోపల ఒక్క యేడాది తమ తాతల యూరి బడికి ఇచ్చిన, వారికి తెలుగు నేర్పనక్కరలేదు. వారి గోత్రనామములు ఊరివారెరుగుదురు. వారు వెళ్ళినను మరల వత్తురు. పరదేశికి స్వాగతము చెప్పుటకు ముందు మన బిడ్డను ఆ బడిగడప దాటింపుదము.