కెమెరా తాళంచెవి ఎవరి దగ్గర?

రావులపాలెం నుంచి అమలాపురం దాకా, తణుకు నుంచి నరసాపురం దాకా ఏ ఊరి వీధిలోకి వెళ్ళినా, గుమ్మానికి కట్టిన మామిడి తోరణం పక్కనే ఇప్పుడు ఓ తెల్లని కెమెరా కూడా కనిపిస్తోంది. ఒకప్పుడు బ్యాంకుల్లోనో, బంగారం కొట్లలోనో, చేపల చెరువు గట్ల మీదో కనబడే సామాను ఇది. ఇప్పుడు పెంకుటింటి అరుగు మీదికీ వచ్చేసింది. కారణం అందరికీ తెలిసిందే. పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, అమెరికాలోనో ఉంటారు. ఇంట్లో మిగిలేది పెద్దవాళ్ళు. చాలా ఇళ్ళలో ఒక్క ఆవిడే. కోనసీమలోనైతే భర్తో, భార్యో కువైట్‌లో ఉన్న ఇళ్ళు కూడా తక్కువేం కాదు. "అమ్మా, కెమెరాలు పెట్టించేస్తున్నాను. ఇక్కణ్ణించే చూసుకుంటూ ఉంటాను. నీకింకేం భయం లేదు" అంటాడు కొడుకు ఫోన్లో. మర్నాడు ఓ కుర్రాడు నిచ్చెనతో వచ్చి, గోడలకి కన్నాలు వేసి, నాలుగు కెమెరాలు బిగించి, టీవీ కింద ఓ నల్ల పెట్టె పెట్టి వెళ్ళిపోతాడు.

ఇందులో తప్పు పట్టడానికేం లేదు. ఒంటరిగా ఉండే తల్లి గురించి బిడ్డ బెంగ పెట్టుకోవడం సహజం. రాత్రి పన్నెండింటికి గేటు చప్పుడైతే, తలుపు తీయకుండానే వచ్చిందెవరో చూసుకోగలగడం చిన్న ధైర్యం కాదు. కెమెరాలు వద్దని నేననను. నేనడిగేది ఒక్కటే. ఆ పెట్టె తాళంచెవి ఎవరి దగ్గరుంది?

మన అమ్మమ్మల కాలంలో ఇంటి తాళంచెవుల గుత్తి ఇల్లాలి బొడ్లో ఉండేది. బీరువాదీ, కొట్టుగదిదీ, పెరటి తలుపుదీ అన్నీ అందులోనే. ఇంటి అజమాయిషీ ఎవరిదో ఆ గలగలే చెప్పేది. ఈ నల్ల పెట్టెకీ ఓ తాళంచెవి ఉంది. దాని పేరు పాస్‌వర్డ్. అది కొడుకు దగ్గరుంటుంది, అల్లుడి దగ్గరుంటుంది, బిగించిన కుర్రాడి దగ్గర కూడా ఉంటుంది. పొద్దస్తమానం ఆ కెమెరాల ముందు తిరిగే ఇల్లాలి దగ్గర మాత్రం ఉండదు. "నీకెందుకమ్మా ఇవన్నీ, నీకు తెలియవులే" అంటారు. గ్యాస్ పొయ్యి, మిక్సీ, సెల్‌ఫోన్ ఇవన్నీ మనకి పుట్టుకతో తెలుసా ఏం? చెప్తే నేర్చుకోలేదూ?

అసలు ఆ పెట్టె చేసే పనేమిటో చూద్దాం. దాన్ని డి.వి.ఆర్. అంటారు. కెమెరాల నుంచి తీగలొచ్చి దాని వెనక చేరతాయి. లోపల ఓ హార్డ్ డిస్క్ ఉంటుంది. కెమెరాలు చూసిందంతా అందులో నిలవవుతుంది. ఒక టెరాబైట్ డిస్క్ పెట్టి, నాలుగు కెమెరాలు ఇరవైనాలుగు గంటలూ నడిపితే, మామూలు నాణ్యతలో సుమారు పది రోజుల దృశ్యాలు పడతాయి. నిండగానే పాతది చెరిపేసి, దాని మీద కొత్తది రాసుకుంటుంది. ఇక్కడో సంగతి గమనించాలి. ఇంతవరకూ ఇంటర్నెట్ ఊసే లేదు! దొంగ వస్తే రికార్డు కావడానికి ఇంటర్నెట్ అవసరం లేదు. టీవీలో చూసుకోవడానికీ అక్కర్లేదు. దూరాన ఉన్న వాళ్ళు చూడాలంటేనే అది కావాలి.

అందుకే ఆ కుర్రాడు పెట్టె వెనక నుంచి ఓ కేబుల్ లాగి, ఇంట్లో ఇంటర్నెట్ ఇచ్చే రౌటర్‌లో గుచ్చుతాడు. రౌటర్ ఇంట్లో ఉన్న ప్రతి ఫోనుకీ, టీవీకీ ఇచ్చినట్టే దీనికీ ఓ లోపలి నంబరు ఇస్తుంది. 192.168 అంటూ మొదలవుతుంది చూడండి, అదే. ఆ తరువాత పెట్టె మీద అంటించిన క్యూఆర్ గళ్ళ బొమ్మని ఫోన్‌తో స్కాన్ చేస్తారు. అక్కణ్ణించి, తయారు చేసిన కంపెనీ కంప్యూటర్లు మధ్యవర్తిగా నిలబడి, మన వీధి గుమ్మాన్ని డల్లాస్‌లో ఉన్న అబ్బాయి ఫోన్లో చూపిస్తాయి. వింతే, కాదనను. కానీ ఒకటి మరిచిపోకూడదు. ఆ కేబుల్ గుచ్చడమంటే ఇంటికి ఇంకో గుమ్మం పెట్టడమే. ఈ గుమ్మం వీధిలోకి తెరుచుకోదు, ప్రపంచంలోకి తెరుచుకుంటుంది.

గుమ్మం పెట్టి గడియ పెట్టకపోతే ఏమవుతుందో ఇప్పటికే చూశాం. 2016లో 'మిరాయ్' అనే దొంగ ప్రోగ్రామ్ ఒకటి ప్రపంచం మీద పడింది. ఇలాంటి కెమెరాలూ, రికార్డర్లూ, రౌటర్లూ ఎక్కడున్నాయో వెతుక్కుంటూ పోయి, ఫ్యాక్టరీలో పెట్టిన పేర్లూ పాస్‌వర్డ్‌లూ 60 పైచిలుకు దగ్గర పెట్టుకుని, ఒక్కొక్కటే వేసి చూసేది. కొన్నవాళ్ళు పాస్‌వర్డ్ మార్చని పెట్టెలన్నీ దాని చేతిలో పడ్డాయి. ఆ ఏడాది అక్టోబరు 21న అలా చిక్కిన పెట్టెలతోనే ఒక పెద్ద ఇంటర్నెట్ సంస్థ మీద దాడి చేస్తే, అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి అందలేదు. ఆ పెట్టెలు కొన్నవాళ్ళలో చాలామందికి ఆ సంగతే తెలియదు!

అంత దూరం దేనికి, మన దేశంలోనే చూడండి. 2025 ఫిబ్రవరిలో గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో ఓ ప్రసూతి ఆసుపత్రి కెమెరా దృశ్యాలు బయటపడ్డాయి. డాక్టరు దగ్గర పరీక్ష చేయించుకుంటున్న ఆడవాళ్ళవి అవి. యూట్యూబ్‌లో మచ్చుకి పెట్టి, టెలిగ్రామ్‌లో డబ్బుకి అమ్మారు. పోలీసులు కొందర్ని అరెస్టు చేశారు. ఆ పెట్టెకి ఎవరైనా ఊహించగల తేలిక పాస్‌వర్డే ఉండిపోయిందని పత్రికల్లో వచ్చింది. ఆ మంచం మీద పడుకున్న ఆడపిల్ల చేసిన తప్పేమిటి? ఆ గదిలో కెమెరా పెట్టమని ఆమె అడిగిందా? పాస్‌వర్డ్ మార్చవలసింది ఆమేనా? నిర్లక్ష్యం ఒకరిది, సిగ్గుతో చచ్చిపోయేది ఇంకొకరు.

బయటి దొంగ సంగతి సరే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను ఎక్కువ భయపడేది అందుకే. వీధి గేటు మీద మొదలైన కెమెరా హాల్లోకి వస్తుంది. హాల్లోంచి వంటింటి గుమ్మం దాకా పోతుంది. "ఎవరొచ్చి వెళ్ళారు? మధ్యాహ్నం రెండు గంటలు ఎక్కడికెళ్ళావు? పక్కింటావిడతో అంతసేపు ఏం మాట్లాడావు?" అని దుబాయ్ నుంచో, హైదరాబాదు నుంచో ఫోన్లు మొదలవుతాయి. కోడలు కాస్త నడుం వాలిస్తే అత్తగారికి తెలుస్తుంది. అత్తగారు మనవడికి రెండో లడ్డూ పెడితే కోడలికి తెలుస్తుంది. దొంగ కోసం పెట్టిన కెమెరా ఇంట్లో మనుషుల్నే దొంగల్ని చేస్తుంది. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం, కరెంటు పోయి, కొంగు తీసి విసురుకుంటూ కూర్చునే స్వేచ్ఛ కూడా సొంతింట్లో లేకపోతే, అది ఇల్లెలా అవుతుంది? కంచే చేను మేయడమంటే ఇదే కదూ!

ఈ విషయంలో మన పోలీసుల పద్ధతి ఒకటి నాకు నచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2017లో తాళం వేసిన ఇళ్ళ కోసం వాళ్ళొక పథకం తెచ్చారు. ఊరెళ్ళేవాళ్ళు ముందుగా చెబితే, ఇంట్లో కెమెరా పెట్టి కంట్రోల్ రూమ్‌కి కలుపుతారు. ఎవరైనా చొరబడితే అక్కడ హెచ్చరిక వస్తుంది. ఇంటివాళ్ళు తిరిగి రాగానే కెమెరా తీసుకెళ్ళిపోతారు. అంటే మనం అడిగితేనే, మనం లేనప్పుడే, పని అయ్యేదాకానే. ఇంటి లోపలి కెమెరాకి ఇంతకంటే మంచి నియమం ఏముంటుంది? మనుషులుంటే కెమెరా గుమ్మం బయటే. మనుషులు లేనప్పుడే లోపల.

కాబట్టి అక్కలూ, అమ్మలూ, కెమెరాలు బిగించే రోజున మీరు టీ ఇచ్చి లోపలికి వెళ్ళిపోకండి. పక్కనే నిలబడండి. పాస్‌వర్డ్ మీ చేత్తో మీరే పెట్టండి. అబ్బాయి పుట్టినరోజో, ఫోన్ నంబరో కాకుండా, ఇంకొకరు ఊహించలేనిది పెట్టండి. రౌటర్‌కి కూడా కంపెనీ పెట్టిన పాస్‌వర్డ్ ఉంటుంది, అదీ మార్చించండి. బిగించినవాళ్ళ ఫోన్లోకి మీ ఇల్లు ఎక్కకుండా చూడండి. పరీక్ష కోసం ఎక్కించినా, వెళ్ళేముందు మీ కళ్ళెదుటే తీయించండి. పెట్టెలో పెద్ద అధికారం ఉన్న ఖాతా మీ దగ్గర ఉంచుకుని, పిల్లలకి కేవలం చూసే వీలు మాత్రం ఇవ్వచ్చు. ఏ కెమెరా ఎవరు చూడచ్చో కూడా విడివిడిగా పెట్టుకునే సౌకర్యం చాలా రికార్డర్లలో ఉంది. బయటినుంచి చూడడానికి రౌటర్‌లో "పోర్టులు తెరుస్తాను" అంటే వద్దని చెప్పండి. అలా తెరిచిన దారినే దొంగ ప్రోగ్రాములు వెతుక్కుంటూ వస్తాయి. మాటలు రికార్డయ్యే మైకు ఉంటే ఆపించండి.

మన ఊళ్ళలో ఇంకో చిక్కుంది. ఇళ్ళు గోడకి గోడ ఆనుకుని ఉంటాయి. స్నానాల గదులు చాలా చోట్ల పెరట్లోనే. మన పెరటి కెమెరాకి పక్కింటివాళ్ళ నూతి గట్టు కనిపిస్తే, మన భద్రత వాళ్ళకి గండమవుతుంది. కెమెరా తిప్పండి. తిప్పడం కుదరకపోతే, బొమ్మలో ఆ భాగాన్ని నల్లగా కప్పేసే ఏర్పాటు చాలా రికార్డర్లలో ఉంటుంది, అది అడగండి. ఇంట్లో పనిచేసే అమ్మాయికి కూడా కెమెరా ఎక్కడుందో చెప్పండి. ఆమెదీ ఆడజన్మే.

గాలివానకి కరెంటు పోయే కాలంలో కెమెరాలనీ, పెట్టెనీ, రౌటర్‌నీ అన్నిటినీ ఇన్వర్టర్‌కి కలిపించండి. రౌటర్‌ని వదిలేస్తే, ఇంట్లో రికార్డవుతున్నా అబ్బాయికి కనిపించదు, అక్కడాయన కంగారు పడతాడు. నెలకోసారి పెట్టెలో తేదీ, టైమూ సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి. దొంగతనం జరిగితే ఆ టైమే సాక్ష్యం. జరిగిన వెంటనే ఆ భాగం పెన్‌డ్రైవ్‌లోకి తీయించండి. పది రోజులు ఊరుకుంటే పెట్టె తనంతట తనే చెరిపేస్తుంది. కొనేటప్పుడు కూడా అడగండి. కెమెరాలు భద్రతా పరీక్షలు నెగ్గాలన్న కేంద్రం నిబంధన 2025 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. చవగ్గా వస్తోందని ముక్కూమొహం తెలియని సరుకు తెచ్చుకోకండి.

ఇదంతా ఆడవాళ్ళ చాదస్తమని ఎవరైనా నవ్వితే, చట్టం ఏమంటుందో కూడా చెప్పండి. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తేల్చి చెప్పింది. ఒకరి మరుగు శరీర భాగాల్ని వాళ్ళ అనుమతి లేకుండా చిత్రీకరించినా, పంపినా ఐటీ చట్టం 66ఇ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలో, రెండు లక్షల దాకా జరిమానానో, రెండూనో పడచ్చు. ఏకాంతంలో ఉన్న ఆడదాన్ని దొంగచాటుగా చూడడం, చిత్రీకరించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. మీ ఇంటి దృశ్యాలు ఎక్కడైనా బయటపడితే సిగ్గుపడి దాచుకోకండి. 1930కి ఫోన్ చేయండి, దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కి వెళ్ళండి. సిగ్గుపడాల్సింది చూసినవాడు, మీరు కాదు.

దూరాన ఉన్న బిడ్డలకి ఒక్క మాట. మీ ప్రేమని శంకించడం లేదు. అయితే అమ్మని చూడాలనిపిస్తే వీడియో కాల్ చేయండి. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, "తిన్నావా నాన్నా?" అని అడుగుతుంది. కెమెరాలోంచి చూస్తే ఆవిడ కనిపిస్తుందే కానీ మాట్లాడదు. ఆవిడకి మీరు కనిపించనే కనిపించరు. ఇల్లు ఆవిడది. గుమ్మం కూడా ఆవిడదే. ఆ గుమ్మం ఎప్పుడు తెరవాలో, ఎవరికి తెరవాలో ఆవిడనే చెప్పనివ్వండి.